విరిగిన సూదుల రిజిస్టరు

పక్కవాళ్లను నవ్వించినందుకు ఆమెను మిషను మీద నుంచి లేపేశాడు సూపర్‌వైజరు. చేతిలో ఎప్పుడూ ఇనుప స్కేలు ఆడిస్తుంటాడని, చొక్కాలు కుట్టే ఆ హాల్లో అందరూ అతన్ని ‘స్కేలు’ అంటారు.

“పళ్లికిలించడానికా జీతం? రేపట్నుంచి సూదుల గదిలో కూర్చో. నీ జోకులు గోడలకి చెప్పుకో!”

పదకొండేళ్లలో ఒక్క సూదీ విరగ్గొట్టని చెయ్యి ఆమెది. ఆ మిషను తప్ప ఆమెకు వేరే గర్వం లేదు. నలభై మంది చూస్తుండగా లేచి వెళ్లింది. అదే రోజు హాల్లో రేడియో కూడా పీకించేశాడు స్కేలు.

చొక్కాలో సూదిముక్క మిగిలితే తొడుక్కున్నవాడికి గుచ్చుకుంటుంది. అందుకే సూది విరిగితే ముక్కలన్నీ ఏరి తేవాలి. వాటిని తేదీ వేసి రిజిస్టరులో టేపుతో అతికించాకే కొత్త సూది ఇస్తారు. పేజీ నిండితే స్కేలు సంతకం.

ఇదివరకు నెలకో పేజీ. ఇప్పుడు రెండు రోజులకే నిండిపోతోంది.

అదే హాల్లో కుట్టే ఆమె చెల్లెలు ఒకరోజు మూడో సూదికి వచ్చింది.

“ఏమైందే నీ చేతికి?”

“ఏమోనక్కా. నువ్వు లేవు, పాట లేదు. వెనకాల ఆ స్కేలు చప్పుడొకటి. భుజాలు కొయ్యలైపోతున్నాయి.”

ఆ మాట వెళ్లి స్కేలుకి చెప్పొచ్చు. ఆమె చెప్పలేదు. ఓపిగ్గా అతికించింది. అతను చూడకుండానే సంతకాలు గీకేశాడు.

మూడు నెలలకు, స్కేలుని మేనేజరుని చేద్దామని యజమానురాలు వచ్చింది.

“సరుకెందుకు తగ్గింది?”

“పనివాళ్ల బద్ధకం మేడమ్.”

సూదుల గదిలోంచి ఆమె రిజిస్టరు తెచ్చి బల్ల మీద పరిచింది.

“ఈ పేజీ రేడియో ఉన్నప్పటిది మేడమ్. ఇవన్నీ పీకేశాక. అన్నిటి కిందా సారు సంతకముంది.”

యజమానురాలు ముప్పై ఎనిమిది పేజీలు తిప్పింది.

“ఒక్కటైనా చదివావా?”

స్కేలు రిజిస్టరు మూయబోతే యజమానురాలు ఆపింది.

“ఈవిడ మిషను ఈవిడకివ్వు. మళ్లీ నెలకో పేజీ అయ్యేదాకా సూదుల గదిలో నువ్వు కూర్చో.”

మర్నాడు రేడియో మోగింది. ఆమె ఏదో అంది. హాలంతా పగలబడి నవ్వింది. అప్పుడు ఆమె తన సూదిని వేళ్లతో పట్టుకుని, నింపాదిగా, ఫట్‌మని విరిచింది. ముక్కలు తీసుకుని సూదుల గదికి వెళ్లింది.

“రెండు ముక్కలు సార్. తేదీ మర్చిపోకండి.”

స్కేలు టేపు అంచు దొరక్క గోళ్లతో గీక్కుంటున్నాడు. ఆమె చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

“కాస్త నవ్వండి సార్. చెయ్యి వణకదు.”