పక్క గడిలో నా పేరు

ప్రింటర్ శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు ప్రాణం విడిచింది. నాలుగింటికి నా కార్యక్రమం.

"ఇంకోసారి చూడక్కా," అన్నాను.

"చూస్తూనే ఉన్నాగా. నేను దాన్ని చూస్తున్నా, అది నన్ను చూస్తోంది. ఇద్దరికీ సిగ్గులేదు," అంది లన్యేరో అక్క.

ఆమె మా రేడియో స్టేషన్ టైపిస్టు. యాభై దాటిన మనిషి. నైలు నదికి ఇవతల మా కిట్గుమ్ పట్టణంలో ఆమెకు భయపడనివాళ్లు లేరు, మా మేనేజర్ ఒజారాతో సహా.

యుద్ధం సద్దుమణిగి, ఊళ్లు వదిలినవాళ్ల శిబిరాలు ఖాళీ అవుతున్న ఏడాది అది. ఏళ్ల తరబడి ఒకేచోట కుక్కిన జనం మూటలు కట్టుకుని ఎవరి నేల వెతుక్కుంటూ వాళ్లు వెళ్లిపోయారు. ఎవరు ఎక్కడ ఆగారో పక్క గుడిసెవాడికి కూడా తెలీదు. ఫోను ఏ నూటికో ఒకరి దగ్గర ఉండేది. అందుకని చెప్పదలచుకున్నది చీటీ మీద రాసి లారీ డ్రైవర్ చేతిలో పెట్టేవాళ్లు. ఆ చీటీలు మా రేడియోకి చేరేవి. శుక్రవారం నాలుగింటి నుంచి ఐదింటి దాకా నేను చదివేవాణ్ణి. నా పేరు ఒలాల్. ఆ గంటసేపు నా గొంతు వినని పొయ్యి, పొలం, బావి ఆ జిల్లాలో ఉండేవి కావు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. అసలు గొడవంతా ఆ గొప్పతోనే వచ్చింది.

చీటీలన్నీ లన్యేరో అక్క కంప్యూటర్లో పట్టికగా కొట్టేది. ఎవరి నుంచి, ఎవరికి, ఏమిటి. ఒక్కో చీటీకి ఒక్కో వరస. ఆమె చదివి కొట్టదు. "నా వేళ్లు చదువుతాయి. నేను చదివితే రోజూ ఏడవాలి," అనేది. కొట్టేశాక చీటీలతో టీ పొయ్యి అంటించేది.

ఆ పట్టికను కాగితాల మీద అచ్చువేసి నా చేతికిస్తే నేను చదవడం. ఏడాదిగా అదే పద్ధతి. ఇప్పుడు కాగితం లేదు.

"నా కుర్చీలో కూర్చుని తెరమీద చూసి చదువు. మైకు వైరు ఇక్కడిదాకా వస్తుంది," అంది అక్క.

"తెరమీద ఎప్పుడూ చదవలేదు."

"అక్షరాలు అవే. కిందికి బాణం గుర్తు నొక్కుతూ పో. నా చెయిర్లో కాళ్లూపకు, స్క్రూ ఊడింది."

కూర్చున్నాను. ఎదురుగా కిటికీ. కిటికీలోంచి గేటు, గేటు పక్కన మామిడి చెట్టు, చెట్టు కింద కాపలా ముసలాయన, ఆయన ఒళ్లో రేడియో. ఆ రేడియో పక్కన అచీరో.

అచీరో ప్రతి శుక్రవారం ఏడు మైళ్లు నడిచి వచ్చేది. వాళ్ల పల్లెలో ఉన్న ఒకే ఒక్క రేడియోకి బ్యాటరీలు ఉండేవి కావు. ఆమెకు కిబ్వోతా అనేవాడి దగ్గర్నుంచి చీటీలు వచ్చేవి. శిబిరంలో ఇద్దరూ పెళ్లి మాటనుకున్నారు. అతను నైలు దాటి మోయో వైపు ఇటుక బట్టీల్లో పనికి వెళ్లాడు. ఈలోగా శిబిరం ఎత్తేశారు. ఆమె ఎక్కడ ఆగిందో అతనికి తెలీదు, అతను ఏ బట్టీలో ఉన్నాడో ఆమెకు తెలీదు. మా రేడియో నది దాటి అవతలికి వినిపించదు.

అప్పటిదాకా అతనివి ఎనిమిది చీటీలు చదివాను. ఎనిమిదీ ఒకటే రకం. అమ్మకు నమస్కారం, అమ్మ అన్నదమ్ములకు నమస్కారం, పొరుగింటి కుంటి ముసలమ్మకు నమస్కారం.

మావాళ్లు అంతే. ముందు అందరినీ పలకరించాలి. పెద్దవాళ్లను దాటి నేరుగా విషయంలోకి దూకితే, వీడికి పెంపకం లేదంటారు. ఒక్కోసారి పదిమందిని పలకరించడంతోనే వాక్యం సగంలో ఆగిపోయేది. అప్పుడు నేను గొంతు కాస్త మెత్తగా చేసి, "ఇంకా ఇంటిల్లిపాదికీ పేరుపేరునా నమస్కారాలు," అని కలిపి ముగించేవాణ్ణి. ఎవరో అలసిపోయి రాయడం ఆపేశారనుకునేవాణ్ణి. నా ముగింపు జనానికి నచ్చింది. సంతలో పిల్లలు నన్ను అనుకరించేవాళ్లు.

కార్యక్రమం అయ్యాక అచీరో గేటు దగ్గరే నిలబడేది.

"అన్నా, అంతేనా? చివర ఇంకేం లేదా?"

"అంతే చెల్లీ. నమస్కారాలే."

"నన్ను రమ్మని గానీ, తను వస్తానని గానీ..."

"లేదు."

తర్వాత కొంగుముడి విప్పి వేయించిన నువ్వులు ఇంత నా చేతిలో పోసేది. "గొంతు ఆరిపోయి ఉంటుంది, తిను," అనేది. మొదట్లో మొహమాటానికి తిన్నాను. నాలుగో నెల నుంచి శుక్రవారం పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాను. ఆ ముందు వారం ఆమె, "అన్నా, బతికే ఉన్నాడు, అందరినీ తలుచుకుంటున్నాడు, నన్ను మాత్రం పిలవడు. ఇంకో నెల చూస్తాను. ఆ తర్వాత రాను," అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాధతో కాదు.

సరే. నాలుగైంది. ఎర్ర దీపం వెలిగింది.

తెరమీద ఆరు చీటీలు చదివాను. ఏడోది కిబ్వోతాది. "కిబ్వోతా నుంచి అచీరోకి. అమ్మకు, అమ్మ అన్నదమ్ములకు, వాళ్ల కోడళ్లకు, పొరుగింటి కుంటి ముసలమ్మకు, బావి దగ్గరి..." అంతటితో గడి అయిపోయింది. పక్క గడిలో నా పేరు. ఒలాల్.

మెత్తని గొంతు సిద్ధం చేసుకున్నాను. నోరు తెరిచాను.

అప్పుడు చూశాను. తెర పైభాగాన పొడుగాటి తెల్లపట్టీ ఒకటి ఉంది. నేను ఏ గడిమీద ఉంటే ఆ గడిలోని మాట అందులో కనిపిస్తోంది. మొత్తం మాట. అది మూడు వరసలు ఉంది.

"బావి దగ్గరి వాళ్లందరికీ నమస్కారాలు. అచీరో, ఇది తొమ్మిదో చీటీ. ఈ శని, ఆదివారాలు లరోపీ రేవులో, చేపల బల్లల పక్కన ఉంటాను. ఆదివారం ఆఖరి పడవ దాకా చూస్తాను. సోమవారం వంతెన పనికి ఉత్తరానికి లారీ ఎక్కుతున్నాను. అక్కణ్ణించి చీటీలు రావు. నువ్వు రాకపోతే నీకు ఇష్టం లేదనుకుంటాను. కోపం పెట్టుకోను."

నోరు తెరుచుకునే ఉంది.

రేడియోలో మౌనం చాలా పెద్దది. కిటికీ బయటి రేడియోలోంచి వినిపిస్తున్న నా గొంతు కూడా ఆగిపోయింది. గుయ్యిమనే చప్పుడు మాత్రం మిగిలింది. ఆ గదిలో ఆ పట్టీ చూస్తున్నది నేనొక్కణ్ణే. లన్యేరో అక్క ప్రింటర్ పొట్ట విప్పుకుని నేలమీద కూర్చుని ఉంది. నేను ఎప్పటిలాగే ముగిస్తే చాలు. ఎవరూ నన్ను తప్పు పట్టలేరు. సోమవారం లారీ వెళ్లిపోతుంది. నెల గడుస్తుంది. ఇస్త్రీ చొక్కాతో నేను ఉంటాను.

"ఇంకా ఇంటిల్లిపాదికీ..." అన్నాను. అలవాటు. అది నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

చెట్టు కింద అచీరో రేడియో మీదికి వంగింది. ముసలాయన ఒళ్లో తల పెట్టినంత దగ్గరగా. ఎనిమిది సార్లూ ఆమె అలాగే వంగి ఉంటుంది. నేను ఎప్పుడూ చూడలేదు. నేనెప్పుడూ కాగితమే చూశాను.

"ఆగండి," అన్నాను మైకులో. "తప్పు చదివాను. మళ్లీ చదువుతున్నాను."

చదివాను. నిదానంగా, రేవు పేరు రెండుసార్లు.

పాట పెట్టి బయటికి పరుగెత్తేలోపే ఆమె లోపలికి వచ్చేసింది. వెనకే ముసలాయన, "అమ్మాయ్, లోపలికి వెళ్లకూడదు, అమ్మాయ్!" అంటూ. ఆయన వెనక మేనేజర్ ఒజారా.

"ఏంటి ఒలాల్ ఇది? ప్రసారం మధ్యలో ఆగండి, తప్పు అని అంటారా ఎవరైనా?"

"మళ్లీ చెప్పన్నా," అంది అచీరో. ఆయన్ను ఆమె చూడను కూడా లేదు. "ఈ శనివారమేనా? రేపేనా?"

"రేపూ, ఎల్లుండీ."

"ముందు చీటీల్లో కూడా ఉందా? చివర?"

నేను వెనక్కి వెళ్లాను. పాత వారాలు తెరిచి, ఒక్కో గడిమీదా ఆగాను. పైన పట్టీలో ఒక్కొక్కటే బయటికొచ్చింది. సంత రోజున రేవుకి రా. పోయిన సంతకు చూశాను, వర్షం వల్ల రాలేదేమో. మూడు సంతలు చూశాను. మా బట్టీ మేస్త్రీ నవ్వుతున్నాడు, నవ్వనీ. నీకు నీలం గుడ్డ కొన్నాను, రంగు నచ్చకపోతే మార్చుకోవచ్చు.

అన్నీ చదివాను. ఆమె ఏడవలేదు. వేళ్లమీద లెక్కపెట్టుకుంది.

"ఎనిమిది సార్లు నిలబడ్డాడా?"

"అవును."

"మరి నువ్వు నమస్కారాలే అన్నావు."

లన్యేరో అక్క లేచి వచ్చి తెరలోకి తొంగిచూసింది. ఆమెకు క్షణంలో అర్థమైంది. "పక్క గడి ఖాళీగా ఉంటే పొడుగు మాట దాంట్లోకి పాక్కుంటూ పోతుంది, కాగితంమీద కనిపిస్తుంది. పక్కన ఏదైనా ఉందో, అక్కడికి తెగిపోతుంది. పోదు, లోపలే ఉంటుంది. కనపడదంతే. పోయినేడు పక్క గడి ఖాళీగానే ఉండేది కదా..." ఆగింది. నా వైపు చూసింది.

పోయినేడు నేను చదివిన చీటీలను రేడియోలో పనిచేసే ఇంకొకతను తనే చదివానని చెప్పుకుంటున్నాడని గొడవపెట్టింది నేను. చదివినవాడి పేరు పడాలని, అదీ చీటీ పక్కనే పడాలని పట్టుబట్టింది నేను. అక్క ముందుగానే వరసకొకటి చొప్పున కొట్టి ఉంచేది. ఒలాల్, ఒలాల్, ఒలాల్.

"నా పేరు అడ్డం వచ్చింది," అన్నాను.

అచీరో తెరవైపు చూసింది. ఆమెకు చదవడం రాదు. అయినా చాలాసేపు చూసింది.

"నీ పేరు అంత పెద్దదా అన్నా?" అంది.

అక్కే కదిలింది. "ఇక్కడ నిలబడితే నది దగ్గరికి రాదు. మా పెదనాన్న కొడుకు జొన్నల లారీ ఐదింటికి గులు వెళ్తోంది. నా పేరు చెప్పు. ముందు సీట్లో కూర్చోపెట్టమను. వెనక కూర్చుంటే మేకలు నీ బట్టలు నమిలేస్తాయి. గులులో దిగితే రేవు వైపు అడ్జుమాని బస్సు. నడు!"

ఆమె వెళ్లింది. గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చింది. కొంగుముడి విప్పి నువ్వులు బల్లమీద పోసింది, నా చేతిలో కాదు. మళ్లీ వెళ్లింది. ఈసారి పరుగున.

పాట అయిపోయింది. ఇంకా పద్నాలుగు చీటీలు మిగిలాయి. ఒక్కో గడిమీదా ఆగి, పైపట్టీ చూసి, చివరి అక్షరం దాకా చదివాను. కార్యక్రమం నలభై నిమిషాలు ఎక్కువైంది. ఒజారా తలుపు దగ్గర గడియారం చూపిస్తూ నిలబడ్డాడు. లన్యేరో అక్క ఆయన ముందు కుర్చీ అడ్డం వేసుకుని కూర్చుంది.

సోమవారం అక్క పట్టిక మార్చింది. గడిలో పట్టని మాట కింది వరసకు మడత పడేలా పెట్టింది. మాట ఎంత ఉంటే గడి అంత ఎత్తు పెరిగింది. చూడ్డానికి అందం పోయింది. ఒక వరస వేలెడు, ఒక వరస జానెడు. "ఒక్క కాగితంలో పట్టేది నాలుగు కాగితాలు తింటోంది," అని ఒజారా గొణిగాడు. నా పేరున్న నిలువు వరసను నేనే తీసేయమన్నాను. అక్క ఏమీ అనకుండా తీసేసింది. అది ఇంకా పెద్ద తిట్టు.

పాత పట్టికలు వెతికితే తెగిన చీటీలు మరో నలభై ఒకటి దొరికాయి. అన్నీ మళ్లీ చదివాను. కొందరికి పనికొచ్చాయి. కొందరికి ఆలస్యమైపోయింది. ఆ పేర్లు నాకు ఇప్పటికీ గుర్తే.

అచీరో గురించి ఏ కబురూ లేదు. జొన్నల లారీ అతను గులులో దింపానన్నాడు. అంతే. శుక్రవారాలు గడిచాయి. చొక్కా ఇస్త్రీ చేయడం మానలేదు. ఎందుకో అడక్కండి. చెట్టు కింద ముసలాయన ఒక్కడే ఉండేవాడు. "ఆ పిల్ల రేడియో చెవికి ఆనించి వినేది, బ్యాటరీలు తొందరగా అయిపోయేవి," అన్నాడు ఒకరోజు. "ఇప్పుడు అయిపోవట్లేదు." అది ఫిర్యాదులా వినిపించింది.

పడవ అందక నది ఇవతలే ఆగిపోయి ఉంటే ఆమె తిరిగి రావాలి. తిరిగి రాలేదు కాబట్టి అతను దొరికి ఉండాలి. లేదా అతని లారీ వెనక ఉత్తరానికి పోయి ఉండాలి. లేదా. ఇలా రోజూ.

పదకొండో శుక్రవారం ప్రింటర్ బాగానే ఉంది. కాగితాలు చేతికొచ్చాయి. రెండో కాగితం సగం ఒకే చీటీ ఆక్రమించింది. జానెడున్నర. కిబ్వోతా పేరు చూడగానే కళ్లు చివరికి జారబోయాయి. పట్టి ఆపాను. అందరితోపాటే విందామనుకున్నాను.

"కిబ్వోతా నుంచి అమ్మకు. అమ్మ అన్నదమ్ములకు, వాళ్ల కోడళ్లకు, కుంటి ముసలమ్మకు, బావి దగ్గరి వాళ్లకు నమస్కారాలు. జొన్నల లారీ అన్నకు, ప్రింటర్ బాగుచేసే అక్కకు, గేటు తాతకు, గేటు తాత బ్యాటరీలకు నమస్కారాలు. రేడియో అన్నకు నమస్కారాలు, గొంతు ఆరనివ్వకూడదని చెప్పమంటోంది. చేపల బల్లలు నడిపే ఆవిడకు నమస్కారాలు, ఆ ఆదివారం ఆఖరి పడవను అరిచి ఆపింది ఆవిడే..."

ఇంకా నాలుగు వరసలు పలకరింపులే. చివర అసలు విషయం: వర్షాలు తగ్గగానే ఇద్దరూ వస్తున్నారు. అమ్మ కొత్త చాప నేయించి ఉంచాలి. నీలం గుడ్డ అచీరోకు నచ్చింది.

ఆఖరి అక్షరం దగ్గర ఆగాను. నా ముగింపు కలపలేదు.

తర్వాత చాలాసార్లు ఆ కాగితం చూసుకున్నాను. నేను అందులో ఉన్నాను. పదో నమస్కారంలో, గేటు తాత బ్యాటరీల తర్వాత. మావాళ్ల పద్ధతిలో విషయం ఎప్పుడూ చివరనే ఉంటుంది.