కుందేళ్ళు ఎంచుకున్న మూల

సోఫా కింద మళ్ళీ తడి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పాతగుడ్డతో తుడిచింది. కూతురి పుట్టినరోజుకని భర్త తెచ్చిన కుందేలు పిల్లలు రెండూ వాటికని పెట్టిన పెట్టెలో తప్ప ఇల్లంతా పోస్తున్నాయి. తెచ్చింది అతను, ముద్దు చేసేది కూతురు, ఎత్తిపోసేది ఈమె.

"ఇంట్లోనే ఉంటావు, రెండు కుందేళ్ళకి ఒక పెట్టె అలవాటు చేయలేవా?" అన్నాడు పొద్దున. "ఆదివారం దాకా చూస్తా. దారికి రాకపోతే ఎవరికైనా ఇచ్చేస్తా." కూతురు ఏడ్చుకుంటూ బడికెళ్ళింది. అత్తగారు కాళ్ళు సోఫా మీదికి ముడుచుకుని, "అంతా పెంపకంలో ఉంటుందమ్మా" అంది.

ఇంట్లోనే ఉంటుంది, నిజమే. భోజనాల బల్ల మీద మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. సాయంత్రం అతని బూట్ల చప్పుడు మెట్ల మీద వినబడేసరికి మిషను మంచం కిందికి, గుడ్డముక్కలు సంచిలోకి, దారప్పోగులు చెత్తబుట్టలోకి వెళ్ళిపోతాయి. "రోజంతా ఏం చేస్తుంటావు?" అని అడిగితే చూపించడానికి తుడిచిన బల్ల తప్ప ఏమీ మిగలదు.

మధ్యాహ్నం కుందేళ్ళని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికెళ్ళింది.

"పెట్టె ఎలా కడుగుతున్నారు?"

"పూటపూటా ఫినాయిల్ వేసండీ. మా అత్తగారికి వాసన పడదు."

"అక్కడే వచ్చింది చిక్కు. ఆనవాలు లేకుండా కడిగేస్తుంటే అది తమ చోటని వాటికెలా తెలుస్తుంది? తడిసిన కాగితం ముక్కొకటి అందులోనే ఉంచండి. ఎండుగడ్డి కూడా అక్కడే వేయండి, తింటూ తింటూ పోస్తాయి. పెట్టె పెట్టాల్సింది మీకు నచ్చినచోట కాదు, అవి ఎంచుకున్న మూలలో."

దారి పొడుగునా ఆ మాటే నమిలింది.

ఇల్లంతా పోసినా, అవి మళ్ళీ మళ్ళీ ఎంచుకున్న మూలలో భర్త టీవీ చూసే కుర్చీ ఉంది. దాన్ని గోడవారకి లాగి, తడి కాగితం, ఎండుగడ్డి వేసి పెట్టె పెట్టింది. చిన్నది వెంటనే ఎక్కింది. రెండోది చుట్టూ తిరిగి, వాసన చూసి, గడ్డి కోసం ఎక్కి అక్కడే కానిచ్చింది. కుట్టాల్సిన చొక్కాలు ఇంకా ఉన్నాయి. మిషను ముందు కూర్చుంది.

మెట్ల మీద బూట్లు. అలవాటుగా ఆమె చెయ్యి మిషను ఎత్తబోయింది. మళ్ళీ గుడ్డ మీదికొచ్చింది.

"నా కుర్చీ ఎవరు జరిపారు?"

"నేనే."

"ఈ వాసనేంటి? పెట్టె కడగలేదా?"

"పొద్దుగూకింది, ఇంకా కడగలేదు నాయనా, చూడు" అంది అత్తగారు.

"మొత్తం కడగకూడదత్తయ్యా. అది వాటి చోటు."

"మరి బల్ల మీద ఈ సంతేంటి? తీసెయ్, ఆకలేస్తోంది."

"తీయను. ఇది నా చోటు."

"నేనెక్కడ తినాలి?"

ఆమె కాలర్ తిప్పి సూది కింద పెట్టింది.

"కుందేళ్ళు నేర్చుకుంటున్నాయండీ" అంది తలెత్తకుండా. "మీకూ ఆదివారం దాకా టైముంది."