ఓడ ఆపమని ఇచ్చిన తంతి

రాయపూర్ స్టేషన్లో ముప్పై నాలుగేళ్లు బుకింగు కిటికీ వెనక కూర్చున్నవాణ్ని నేను. టికెట్ల విషయంలో నాకొకరు చెప్పడమేమిటన్న పొగరు ఇప్పటికీ పోలేదు. రిటైరై రెండేళ్లయినా, ఇంటికి ఎవరైనా చుట్టాలొస్తే మంచినీళ్లు ఇవ్వడానికి ముందే వాళ్ల టికెట్టు అడిగి చూస్తాను. తేదీ, బండి నంబరు, బెర్తు చూసి ఏదో ఒక తప్పు పట్టి గాని తిరిగివ్వను. అలాంటి నన్ను, హెడ్ బుకింగ్ క్లర్కు ప్రకాశాన్ని, 1998 వానాకాలంలో, మా అమ్మాయి సుగుణ మా వంటింట్లోనే నిలబెట్టి తప్పు పట్టింది. ఇంకెవరైనా అయితే ఆ సంగతి దాచుకుంటారు. నేను మాత్రం ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాను.

దానికి ముందు మా ఆవిడ హన్నా గురించి చెప్పాలి. ఆ వానల్లో మేం చేసిన ప్రయాణం అసలు ఆమెది కాబట్టి.

1964లో హన్నా ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. కాకినాడ పిల్ల. ఇంగ్లండులో ఉద్యోగం వచ్చింది. బొంబాయిలో ఓడెక్కాలి. బొంబాయికి టికెట్టు కోసం నా కిటికీ దగ్గరికొచ్చింది. ఓడ సాయంత్రం నాలుగింటికి అని చెప్పి, ఒక రోజు ముందు బయల్దేరతానంది. నేను వద్దన్నాను. అప్పుడు నాకు ఇరవయ్యారేళ్లు, ఉద్యోగంలో చేరి రెండేళ్లు, తెలియని విషయమంటూ లేదు. "ఊరు కాని ఊళ్లో ఒక్కరూ రాత్రి ఎక్కడుంటారండి? మెయిలు బండి అదే రోజు పొద్దున్నే చేరుస్తుంది," అన్నాను.

"లేటైతేనండి?"

"లేటైతే మేం మెసేజి పంపుతాం కదండి."

మా రైల్వేలో అదొక పద్ధతి. వెనక బండి ఆలస్యమైతే, అందులోంచి దిగి ఇంకో బండి ఎక్కాల్సినవాళ్లు ఇంతమంది ఉన్నారని ముందున్న జంక్షనుకి కబురు పంపుతాం. అక్కడి బండిని కాసేపు ఆపి ఉంచుతారు. పెళ్లివాళ్లకీ, చావు కబురు విని పరుగెత్తేవాళ్లకీ నేనే ఎన్నోసార్లు అలా బండ్లు ఆపించాను. ఆ పద్ధతి మీద నాకున్న నమ్మకం ఆదివారం చర్చిలో కూడా ఉండేది కాదు. ప్రపంచంలో కదిలేవన్నీ ఒక మెసేజికి ఆగుతాయనుకునేవాణ్ని.

వానలకి ఆ మెయిలు దారిలో చిక్కుకుని పదకొండు గంటలు ఆలస్యమైంది. నాకిక్కడ తెలిసింది. కిటికీ మూసేసి తారాఫీసుకి పరుగెత్తి, బొంబాయిలో ఓడ కంపెనీకి తంతి ఇచ్చాను. "మెయిలు ఆలస్యం. ఒక ప్యాసింజరు. ఓడ ఆపండి." జవాబుకి కూడా నేనే డబ్బు కట్టాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి, మా బుకింగాఫీసు ఏడాది పాటు నవ్వింది. ఓడ ఆగలేదు. జవాబూ రాలేదు.

నాలుగో రోజున హన్నా ట్రంకు పెట్టెతో వచ్చి నా కిటికీ ముందు నిలబడింది. తిడుతుందని తల దించుకున్నాను. "మీ తంతి చదివి ఓడాఫీసులో అందరూ నవ్వారండి," అంది. ఆగి, "నాకు మాత్రం నవ్వు రాలేదు. నా కోసం ఓడ ఆపమన్న మనిషి ఇంకెవరూ లేరు," అంది. మరుసటేడాది మా పెళ్లయింది.

ముప్పై నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా నన్ను ఎత్తిపొడవలేదు. అదే నాకు కష్టం. పక్కనున్న ఆరంగ్ వెళ్లినప్పుడు మహానదిలో పడవ కనబడితే ఆమె చూస్తూ ఉంటుంది. నేనే తల తిప్పుకుంటాను.

ఆ ఏడు ఏప్రిల్లో హన్నా రిటైరైంది. సన్మానం చేసి శాలువా కప్పారు. ఇంటికొచ్చి శాలువా మడిచి బీరువాలో పెడుతూ, "నాకొచ్చే డబ్బుతో ఓడెక్కుతానండి. మీరూ రండి," అంది. పేపర్లో ప్రకటన చూసిందట. సింగపూర్లో ఎక్కితే మూడు రోజులు సముద్రంలో తిప్పి మళ్లీ అక్కడే దింపుతారు. ఈసారి ఈవిడ ఓడ తప్పకూడదు. నాకింకో కోరిక లేదు.

సుగుణ జైస్తంభ్ చౌక్ దగ్గర ఒక మేడ మీద విమానం టికెట్లు అమ్మే కొట్లో పని చేస్తుంది. రైల్వేలో చేరమంటే చేరలేదని మొదట్లో నేను దాని ఉద్యోగాన్ని లెక్కలోకి తీసుకునేవాణ్ని కాదు. గాల్లో ఎగిరేదానికి టికెట్టేమిటి, పట్టాలే లేవు గదా అని ఆట పట్టించేవాణ్ని. అది ఒక సాయంత్రం కాయితాలు పట్టుకొచ్చి వంటింట్లో పీట మీద కూర్చుంది. హన్నా దోసెలు పోస్తోంది.

"రెండు దారులున్నాయి నాన్నా. ఓడ కంపెనీవాళ్లే కలకత్తా నుంచి విమానం టికెట్టు కూడా కలిపి ఇస్తారు. లేదంటే మనం సీదా విమానంవాళ్ల దగ్గరే కొనుక్కోవచ్చు."

"కంపెనీ ఇచ్చిన విమానం లేటైతే?"

"జిమ్మేదారీ కంపెనీదే, పూచీ అంతా వాళ్లదే. వీలైతే ఓడ కాసేపు ఆపుతారు. కాకపోతే ముందు రేవు దాకా వాళ్ల ఖర్చుతోనే పంపించి ఎక్కిస్తారు."

నేను లేచి నిలబడ్డాను. ఓడ ఆపుతారట. నేను ముప్పై నాలుగేళ్ల కిందట అడిగింది అదే గదా. నేను పిచ్చివాణ్ని కాదు, కాస్త ముందు పుట్టానంతే.

"ఇంకేం మరి, కంపెనీదే పక్కా చెయ్యి."

"వద్దు నాన్నా," అంది సుగుణ. "ఏ విమానమో పది రోజుల ముందు దాకా చెప్పరు. చెప్పినా అది శుక్రవారం రాత్రిదే. శనివారం పొద్దున దిగుతారు, సాయంత్రం నాలుగింటికి ఓడ. మధ్యలో ఏదన్నా అయి విమానం మార్చమంటే విమానంవాళ్లు మనతో మాట్లాడరు. టికెట్టు కొన్నది కంపెనీ కాబట్టి కంపెనీనే అడగమంటారు. కంపెనీ ఆఫీసుకి ఫోను కలిసేసరికి విమానం ఎగిరిపోతుంది. అదే మనం సీదా కొంటే గురువారం రాత్రిది తీసుకుందాం. శుక్రవారం అంతా అక్కడ హోటల్లో కూర్చోండి. ఏం జరిగినా నేను డైరెక్టుగా మాట్లాడి మార్పిస్తాను."

"ఏం జరుగుతుందే? జరిగితే చూసుకోడానికే గదా కంపెనీ ఉంది."

"కంపెనీ జిమ్మేదారీ ఎక్కణ్నుంచి మొదలు నాన్నా? కలకత్తా ఎయిర్‌పోర్టు నుంచి. రాయపూర్ నుంచి హౌరా దాకా ఎవరిది?"

"రైల్వేది," అన్నాను ఛాతీ విరుచుకుని.

పెనం మీద దోసె మాడిన వాసనొచ్చింది. మాడ్చింది హన్నా. ముప్పై నాలుగేళ్లలో ఆమె దోసె మాడ్చగా నేను చూడలేదు. నా కోపం నెత్తికెక్కింది. మా బండినే అనుమానిస్తుందా అని కాసేపు అరిచాను కూడా. సుగుణ అరవలేదు. అరిచి గెలవాలనుకునేవాళ్లని కిటికీ వెనక కూర్చుని నేనెలా చూసేవాణ్నో, నన్నలా చూసింది.

"సరే, సీదా కొన్న విమానమే లేటై ఓడ తప్పిందనుకో. అప్పుడు కంపెనీ మాకేమీ చెయ్యదు గదా. జిమ్మేదారీ ఎవరిది?"

"నాది," అంది.

ఇరవయ్యేడేళ్ల పిల్ల, పీట మీద కూర్చుని, ఒళ్లో కాయితాలు సర్దుకుంటూ అన్న మాట అది. నేను నా సర్వీసంతటిలో ఏ ప్యాసింజరుకీ ఆ మాట చెప్పలేదు. రైల్వేది అన్నాను, బండ్లు నడిపించే కంట్రోలుది అన్నాను, వానది అన్నాను. నాది అని అనలేదు.

హన్నా స్టవ్ ఆర్పేసి మా వైపు తిరిగింది. "ఒకసారి బుకింగు క్లర్కు మాట విన్నాను. ఈసారి బుకింగు క్లర్కు కూతురి మాట వింటాను," అంది నవ్వుతూ. ఆమె నన్ను ఎత్తిపొడిచింది ఆ ఒక్కసారే. వెయ్యి రోజుల ఉపవాసం విడిచినంత హాయిగా అనిపించింది నాకు.

బుధవారం సాయంత్రం బయల్దేరాం. స్టేషన్లో నా దగ్గర పని నేర్చుకున్న రామమూర్తి ఇప్పుడు నా కుర్చీలో ఉన్నాడు. బండి సమయానికే వచ్చింది. చూశావా అన్నట్టు సుగుణ వైపు చూశాను. అది వాళ్లమ్మ బ్యాగు బెర్తు కింద తోసి, తాళం వేసి, తాళంచెవి నా జేబులో వేసి దిగిపోయింది.

గురువారం తెల్లారేసరికి హౌరా దగ్గర్లో ఉండాల్సినవాళ్లం ఒక చిన్న స్టేషన్లో ఆగి ఉన్నాం. ముందు ఎక్కడో వానకి పట్టాల కింద మట్టి కొట్టుకుపోయిందన్నారు. తొమ్మిదైంది, పన్నెండైంది. బండి కదల్లేదు. ఇది నా బండి. దీని గురించే నేను వంటింట్లో ఛాతీ విరిచింది. హన్నా కిటికీ పక్కన కూర్చుని వానని చూస్తోంది. ఆ మొహం నాకు తెలుసు. అరవైనాలుగులో ఇలాగే ఒక కిటికీ పక్కన ఒక్కతే కూర్చుని ఉంటుంది.

"ఫోనుందేమో చూసొస్తాను," అన్నాను. నిజానికి అక్కడ కూర్చోలేకపోయాను.

"వాన తగ్గాక వెళ్లొచ్చు, కూర్చోండి," అంది.

మధ్యాహ్నం మూడు దాటాక, గొడుగు వేసుకుని స్టేషను మాస్టరు పెట్టె పెట్టె దగ్గరా ఆగుతూ వచ్చాడు. "రాయపూర్ వాలే ప్రకాశం బాబూ కౌన్ హై?" అని కేకేస్తున్నాడు. నేను చెయ్యెత్తాను. తడిసిన కాయితం ఒకటి కిటికీలోంచి అందించి, "ఆప్‌కా మెసేజ్ హై, కంట్రోల్ సే," అన్నాడు.

ముప్పై నాలుగేళ్లు మెసేజిలు పంపినవాణ్ని. నా పేరున మెసేజి రావడం అదే మొదటిసారి. హిందీలో గీకిన ఆ నాలుగు ముక్కలు తెలుగులో ఇవీ: "ప్రకాశం, రిటైర్డ్ హెడ్ బుకింగ్ క్లర్క్. ప్యాసింజర్లు ఇద్దరు. విమానం రేపు రాత్రికి మార్చడమైనది. ఏదీ ఆపక్కర్లేదు. అన్నం తినండి. సుగుణ."

పొద్దున్నే అది స్టేషనుకి వెళ్లి రామమూర్తిని నిలదీసి బండి ఎక్కడుందో కనుక్కుందట. అక్కణ్నుంచి కలకత్తాలో విమానం ఆఫీసుకి ఫోను చేసి, టికెట్లు మేమే కొన్నాం, మేమే మారుస్తున్నాం అని చెప్పి శుక్రవారం రాత్రికి రెండు సీట్లు వేయించుకుందట. తరవాత మళ్లీ స్టేషనుకొచ్చి, రైల్వే ఫోన్లో కంట్రోలుకి నా పేరు చెప్పి, నా పద్ధతిలోనే నాకు మెసేజి పంపింది. నేను పట్టుబట్టినట్టు కంపెనీ టికెట్టే కొని ఉంటే మేం గురువారం సాయంత్రం బండి ఎక్కాల్సింది, ఆ బండినే రద్దు చేశారు. కంపెనీ టికెట్టు జేబులో పెట్టుకుని రాయపూర్ ప్లాట్‌ఫారమ్మీద కూర్చునేవాళ్లం. కంపెనీ తప్పు లేదు, రైలు తన జిమ్మేదారీ కాదని ముందే రాసిచ్చింది.

నేను పెట్టెలో అందరి ముందూ ఏడ్చాను. సిగ్గుపడలేదు. ఎదురు బెర్తులో ఉన్న ధర్సీవా ఊరి వ్యాపారి కంగారు పడి, ఏం చెడు కబురని అడిగాడు. కాయితం ఆయన చేతికిచ్చి, "మేరీ బేటీ," అన్నాను. ఆయన చదివి పక్కవాళ్లకిచ్చాడు. అలా అది పెట్టె చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. హన్నా దాన్ని ఆరబెట్టి మడిచి బైబిల్లో పెట్టుకుంది. తరవాత సుగుణ కట్టిచ్చిన పులిహోర విప్పింది. ఇద్దరం తిన్నాం.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి సింగపూర్ రేవులో వరసలో నిలబడ్డాం. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి మా కాయితాలు తిరగేసి, విమానం టికెట్లు కంపెనీ ఇచ్చినవా, సొంతంగా కొన్నవా అని ఇంగ్లీషులో అడిగింది. రెండు గళ్లున్నాయి, ఒకదాంట్లో టిక్కు పెట్టాలి.

"మా అమ్మాయి బుక్ చేసింది," అన్నాను.

"అంటే సొంతం," అందామె.

"సొంతమే. సుగుణ, రాయపూర్. పేరు రాసుకోండి," అన్నాను. రాసుకోలేదు. నవ్వి టిక్కు పెట్టింది. వెనకవాళ్లు గొణుగుతున్నా నేను ఆ పేరు ఇంకోసారి చెప్పాకే కదిలాను.

నాలుగింటికి, చెప్పిన వేళకే, ఓడ కదిలింది. ఒక్క నిమిషం కూడా ఎవరి కోసమూ ఆపలేదు. పైకి వెళ్లి కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. యాభై ఎనిమిదేళ్ల మనిషి, కొంగు నడుముకి బిగించుకుని, రేవు చిన్నదైపోయేదాకా కన్నార్పకుండా చూసింది. ఈసారి నేను కూడా తల తిప్పుకోలేదు. అప్పుడు బైబిల్లోంచి ఆ కాయితం తీసి, గాలికి పోకుండా రెండు చేతులా పట్టుకుని నాకు చూపించింది.

"ఏవండీ, ఆ రోజు మీరు డబ్బు కట్టి జవాబు అడిగారు కదా," అంది హన్నా. "ఇదిగో, వచ్చింది."