బావగారి బిళ్ళలు

బావ కేథోడ్లు తయారుచేస్తాడు. మరదలు వాటిని గొట్టాల్లో బిగించి లోపలి గాలంతా లాగేస్తుంది. ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ, ఒకే ఇల్లు. అందుకని ఫ్యాక్టరీ గొడవ కూడా వాళ్ళతోపాటే ఇంటికొచ్చేసేది.

వాన మబ్బుల్ని పసిగట్టే రాడార్లకి ఆ గొట్టాలే గుండెకాయ. గొట్టంలో ఒక చివర శనగగింజంత టంగ్‌స్టన్ బిళ్ళ ఉంటుంది. అదే కేథోడ్. దాని ఒంటినిండా కంటికి కనపడని చిల్లులు. వాటిలోకి బేరియం కలిసిన పదార్థాన్ని కరిగించి ఎక్కిస్తారు. బిళ్ళ ఎర్రగా కాలితే బేరియం పైకి పాకి పల్చగా పరుచుకుంటుంది. ఇక ఎలక్ట్రాన్లు బడి వదిలిన పిల్లల్లా బయటికి ఉరుకుతాయి.

ఆ నెల ఉరకలేదు. వరసగా గొట్టాలు మొరాయించాయి.

"నీ బిళ్ళలు నిద్రపోతున్నాయి బావా," అంది మరదలు భోజనాల దగ్గర.

"నా బిళ్ళలకేం, బంగారంలాంటివి! నీ గొట్టంలోకే ఎక్కణ్ణుంచో గాలి దూరుతోంది."

"నా అతుకుల్ని అంటే ఊరుకోను."

"ఇద్దరూ ఊరుకుంటే నేను వడ్డిస్తాను," అంది మరదలి అక్క, అంటే బావ భార్య.

మర్నాడు మరదలు పంతం పట్టి అతుకులన్నీ పరీక్షించింది. ఎక్కడా గాలి చొరబడ్డం లేదు. బావ బీరువాలోంచి గాజు సీసా తీసి, "ఇవి పాత బిళ్ళలు. ఇవి పెట్టి చూడు," అన్నాడు. పెట్టింది. గొట్టం భేషుగ్గా పనిచేసింది.

అంటే తప్పు కొత్త బిళ్ళలదే. బావ ముఖం వాడిపోయింది. అది చూసి మరదలికి గెలిచిన సరదా కాస్తా చప్పబడింది. స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"ఈ మధ్య ఏం మార్చావ్?"

"ఏమీ లేదు. పొడి అదే, కొలిమి అదే. ఇదిగో, నువ్వే చూడు," అంటూ కొత్త బిళ్ళలున్న డబ్బా మూత తీశాడు.

మరదలు ముక్కు చిట్లించింది. "ఇదేంటీ, కొత్త టైర్ల కొట్టు వాసన?"

మూత చుట్టూ లావుపాటి నల్ల రబ్బరు చుట్టు ఉంది.

"దుమ్ము పడుతోందని నువ్వే కదా నా ప్రాణం తీశావ్! మూత బిర్రుగా ఉంటుందని ఈ డబ్బా తెచ్చా..." అంటూనే బావ ఆగిపోయాడు. రబ్బరు గట్టిపడ్డానికి గంధకం కలుపుతారు. ఆ గంధకం ఆవిరి తగిలితే బేరియానికి విషమే.

"అయితే నేను సణిగాను, నువ్వు విన్నావు," అంది మరదలు.

"మొదటిసారి విన్నాను, ఇదీ ఫలితం!"

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

బావ మళ్ళీ బిళ్ళలు చేసి గాజు సీసాల్లో దాచాడు. గొట్టం పరీక్షించే రోజున మరదలి వెనకే బిగుసుకుని నిలబడ్డాడు. బిళ్ళ ఎర్రబడింది. ఎలక్ట్రాన్ల జోరు చూపే మీటరు ముల్లు కదిలింది, ఎక్కింది, ఇంకా ఎక్కింది.

"ఊపిరి తీసుకో బావా. గాలి ఉండకూడనిది గొట్టంలో, నీలో కాదు!"

బావ స్టూలు మీద కూలబడి, చాలాసేపు ఆ ముల్లునే చూస్తూ ఉండిపోయాడు.