అత్తగారి పిండిముద్ద

అత్తగారు పోయాక ఆవిడ రొట్టెల కొట్టు మూసేద్దామని మా ఆయన కొత్త తాళం కప్ప కొనుక్కొచ్చాడు.

"పాత గోడలు. పొయ్యి వేడికి బీటలిస్తున్నాయి. అమ్మ గుర్తుగా ఇలాగే భద్రంగా ఉంచుదాం," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "తాళం వేస్తే బీటలు మానతాయా? మీ భద్రం ఏపాటిదో చూద్దాం," అని అటక మీది జాడీ దింపాను.

కొత్త పిండి పులియడానికి అత్తగారు రోజూ పాత పిండిలోంచి ఒక ముద్ద తీసి ఉంచేది. ఆవిడ తీసిన చివరి ముద్దని ఎవరూ ముట్టుకోకూడదని మా ఆయనే ఆ జాడీలో పెట్టి, మూతికి గుడ్డతో వాసెన కట్టి దాచాడు. విప్పగానే కంపు గుప్పుమంది. ముద్దంతా నల్లగా బూజు.

"అమ్మ చేతి పిండి పోయిందే!" అంటూ కూలబడ్డాడు.

"ఎక్కడికీ పోలేదు, లేవండి," అని వీధి చివర వాళ్ళక్క ఇంటికి లాక్కెళ్ళాను. తన పెళ్ళప్పుడు అత్తగారు పెట్టిన ముద్దతోనే వదిన ఇప్పటికీ రొట్టెలు కాలుస్తోంది. గిన్నె మూత తీస్తే పిండి బుడగలతో పొంగుతోంది. సగం తుంచి తమ్ముడి చేతిలో పెట్టింది.

"దాచుకోమని ఇవ్వలేదురా అమ్మ. చేసుకు తినమని ఇచ్చింది."

ముద్ద పట్టుకుని ఆయన తిరిగి కొట్టు దగ్గరికి వచ్చాడు. గుమ్మంలో ఆగి గోడ బీటని తడిమాడు.

"మేస్త్రీని పిలుద్దామా?"

"పిలిచేదేముంది? పొద్దున్నే కబురంపాను. లోపల సున్నం కలుపుతున్నది ఎవరనుకున్నారు? మీరు పొయ్యి రాజెయ్యండి."