రాజేశ్వరమ్మ గోడల మీద ఎర్ర మచ్చలు

గద్వాలలో దసరా ముందర ఇల్లు శుభ్రం చేయించాలంటే మా తాజ్‌బీ భాబీని పిలిచేవారు. మా అన్న పోయాక వదిన ఈ పని పట్టుకుంది. బూజు దులపడం, అటకలు కడగడం, సున్నం వేయడం, అన్నీ మేమిద్దరమే. పని నచ్చలేదని కబురొస్తే మళ్లీ వెళ్లి ఊరికే చేసి వచ్చేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అనలేదు.

యుద్ధం మూలంగా దీపాలకు గాసునూనె దొరకని ఏడాది అది. చీరల వ్యాపారి ఈశ్వరయ్య ఇంటి నుంచి మొదటిసారి పిలుపు వచ్చింది. నేతగాళ్ల వీధంతా ఆయన ఇచ్చే పని మీదే బతికేది. ఆయన భార్య రాజేశ్వరమ్మ మెచ్చుకుంటే వీధి వీధంతా మాది. ఆమె మూతి విరిస్తే ఆ దసరాకు మా పొయ్యిలో పిల్లి లేవదు.

అంత మురికి ఇల్లు నేనెక్కడా చూడలేదు. గోడలకు ఆముదం దీపాల మసి జిడ్డుగా పట్టింది. ఈశ్వరయ్య కూర్చునే మూలంతా ఆయన ఉమ్మిన తాంబూలం అట్టలు కట్టింది. గాదె వెనకాల చచ్చిన ఎలుక, దాని నిండా పురుగులు. నేను పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. భాబీ దాన్ని వట్టి చేత్తో ఎత్తి బయట పారేసి వచ్చి, అక్కడ మూడుసార్లు కడిగింది. సాయంత్రానికి గోడలు తెల్లగా మెరిశాయి.

తెల్లారేసరికి కబురు. వెళ్లి చూస్తే గోడల కింది భాగమంతా ఎర్రెర్రని మచ్చలు.

"ఆకు వక్క నమిలి గోడల మీద ఉమ్మిపోయిన్రు. గింత గలీజు మనుషులు ఉంటరా?" అంది రాజేశ్వరమ్మ.

గడప పక్కన చెంబులో పసుపు నీళ్లు, వేపమండ ఉన్నాయి. నాకు అంతా అర్థమైంది. తురకవాళ్లు తిరిగారని, మేము వెళ్లగానే ఆమె ఇల్లంతా పసుపు నీళ్లు చల్లుకుంది. పచ్చి సున్నం మీద పసుపు పడితే ఎర్రబడదా? కాళ్లకు పారాణి కలుపుకునే ఏ ఆడదానికి తెలియదు? నేను నోరు తెరవబోతే భాబీ నా చెయ్యి గట్టిగా గిల్లింది. మళ్లీ సున్నం వేసింది. మర్నాడు మళ్లీ అవే మచ్చలు, మళ్లీ అవే తిట్లు.

పెరట్లో సున్నం కలుపుతూ నేనింక ఆగలేకపోయాను.

"ఎందుకు చెప్పవు భాబీ? ఆమె సల్లుకున్న పసుపే గద?"

"చెప్తే, మీరు తొక్కిన్రనే సల్లిన అని ఆమె నోటితోని ఒప్పుకోవాలె. గట్ల సిగ్గుపడినామె మల్ల మనల్ని పిలుస్తదా?"

ఎలుకను చూసినప్పటికంటే ఆ మాటకు నాకు ఎక్కువ వెలపరం పుట్టింది. రాజేశ్వరమ్మ సిగ్గును కూడా మేమే కడగాలన్నమాట.

ఆ రోజు సున్నం వేయడం అయిపోయినా భాబీ ఇంటికి బయలుదేరలేదు. గోనెపట్ట ఒకటి చేతిలో పట్టుకుని రాజేశ్వరమ్మ ముందు నిలబడింది.

"అమ్మా, నీళ్లు జర కిందికి సల్లుండ్రి. గోడకు పడకుండ నేను గిది అడ్డం వట్టుకుంట."

రాజేశ్వరమ్మ ముఖం ఒక్క క్షణం మాడిపోయింది. తర్వాత వంగి చెంబు తీసుకుంది. భాబీ గోడకు గోనెపట్ట ఆనించి వెనక్కి వెనక్కి అడుగులు వేస్తుంటే, ఆమె అడుగు తీసిన చోటల్లా రాజేశ్వరమ్మ వేపమండతో నీళ్లు చల్లుతూ వచ్చింది. చుక్కలు కొన్ని భాబీ పాదాల మీద, కొన్ని సున్నంతో పగిలిన చేతుల మీద పడ్డాయి. భాబీ గోడను తప్ప దేన్నీ చూడలేదు. అలాగే గడప దాటి వీధిలోకి వచ్చింది.

గోడకు ఒక్క మచ్చ పడలేదు. తాజ్‌బీ లాంటి పనిమంతురాలు లేదని రాజేశ్వరమ్మ వీధంతా చెప్పింది. సాయంత్రానికి ఇంటింటి నుంచీ పిలుపులు వచ్చాయి. నేను తినకుండానే అన్నం ముందు నుంచి లేచాను. భాబీ మాత్రం ఎన్నాళ్లకో నవ్వింది.

"అందరు గోనెపట్ట గూడ తెచ్చుకొమ్మన్నరు, రజియా."