అయ్యగారి మీద అమ్మగారి కోపం

సమాధి గుంట పక్కన నిలబడి పాస్టరుగారు "మన ప్రియ సహోదరుడు" అన్నప్పుడు ఆయన భార్య ముందు తన చెవుల్నే అనుమానించింది. పెట్టెలో ఉన్నది ఆడమనిషి. సంఘంలో అందరికీ తెలిసిన ప్లంబరు భార్య, లాండ్రీలో ఇస్త్రీ చేసి చేసి మోచేతుల దాకా కాలిన మచ్చలున్న మనిషి. పాస్టరుగారు మాత్రం కళ్ళు సగం మూసుకుని, గొంతు పెంచాల్సిన చోట పెంచుతూ, తగ్గించాల్సిన చోట తగ్గిస్తూ, ఆయన మంచి భర్త అనీ, చెమటోడ్చి ఇల్లాలినీ పిల్లల్నీ పోషించాడనీ చెప్పుకుంటూ పోయాడు. కిందటి నెల ఒక ముసలి లారీ డ్రైవరుని పూడ్చిన రోజు చెప్పిన ప్రసంగమే అది, పొల్లు పోకుండా. ప్లంబరు దంపతులకి అసలు పిల్లలే లేరు.

సంఘపెద్ద దగ్గాడు. కొందరు చెప్పులకంటిన మట్టిని చూసుకున్నారు. ప్లంబరు తలెత్తి ఒక్కసారి పాస్టరు ముఖంలోకి చూసి, మళ్ళీ పెట్టె వైపు తిరిగాడు. ఆ చూపు చూసిన దగ్గర్నుంచీ అమ్మగారికి ఒళ్ళు మండిపోతూనే ఉంది. సంఘంలో ఆమెని అందరూ అమ్మగారనీ, ఆయన్ని అయ్యగారనీ అంటారు.

ఇంట్లో అడుగుపెట్టీ పెట్టగానే, ఆడమనిషి పెట్టె ముందు ఎవరి ప్రసంగం చెప్పారని అడిగేసింది. అయ్యగారు ముందు నమ్మలేదు. తర్వాత నవ్వేయబోయాడు. ఆ తర్వాత, జనం అర్థం చేసుకుంటారులే అన్నాడు. వచ్చే వారమే ఉజ్జీవ సభలు, బుర్రంతా వాటి మీదే ఉంది, నోరు జారింది అన్నాడు. చల్లారిన భక్తిని మళ్ళీ రగిలించడానికి పెట్టే ఆ సభల బ్యానర్లు ముందుగదిలో చుట్టలు చుట్టి గోడకి ఆనించి ఉన్నాయి. విప్పితే మనిషంత ఎత్తు అక్షరాలు: మంట రగలనివ్వండి.

"నోరు జారితే ఒక మాట జారుతుంది. మీకు ప్రసంగం మొత్తం జారింది," అంది అమ్మగారు.

ఆయన ఫోను తీసుకుని మైకుసెట్టు వాడితో మాట్లాడ్డానికి వరండాలోకి వెళ్ళిపోయాడు. గోడకి చెప్పుకున్నట్టయింది.

పెళ్ళైన కొత్తలో ఈయన ఇలాంటి మనిషి కాదు. ఎవరికి జ్వరమని తెలిసినా వానలో సైకిలు తొక్కుకుంటూ పోయేవాడు. ప్రార్థనకి మోకాళ్ళ మీద కూర్చున్నాడంటే పక్కగదిలో పాలు పొంగి, మాడి, గిన్నె నల్లగా అయిపోయినా లేచేవాడు కాదు. ఆ గిన్నెలు తోమలేక ఆమె తిట్టుకునేది, తిట్టుకుంటూనే లోలోపల గర్వపడేది. ఇప్పుడు మాటలు కోటలు దాటుతాయి, కాలు మాత్రం గడప దాటదు. గిన్నెలు మాడటం మానేసి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

మర్నాడు పొద్దున్నే ఒక్కతే ప్లంబరు ఇంటికి వెళ్ళింది. అతను గుమ్మం ముందు వైస్‌లో పైపు బిగించి దాని కొనకి మరచుట్లు కోస్తున్నాడు. ఆమెని చూసి కూడా చేతిలో పని ఆపలేదు. ఇనుప పొట్టు రాలుతూనే ఉంది. అయ్యగారి తరఫున క్షమాపణ చెప్పడానికి వచ్చానంది. ఆయన అలసిపోయి ఉన్నారనీ, సభల పని మీద పడిందనీ మొదలుపెట్టి, తన నోట్లోంచి ఆయన మాటలే వస్తున్నాయని తెలిసి మధ్యలో ఆగింది.

అప్పుడతను పని ఆపాడు.

"అమ్మగారూ, నిన్నటి సంగతి వదిలేయండి. చచ్చిపోయినాక ఏమన్నా దానికి వినపడదు. మంచంలో ఉన్నన్నాళ్ళూ రోజూ అడిగేది, అయ్యగారు రాలేదా అని. రాలేదని చెప్పీ చెప్పీ విసిగిపోయి అబద్ధం ఆడటం మొదలెట్టాను. నువ్వు నిద్రపోతున్నప్పుడు వచ్చారు, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్ళారు అనేవాణ్ణి. లేపలేదేంటయ్యా అని నన్ను తిట్టేది. ఆ తిట్లు నేనెందుకు తినాలి?"

ఆమె గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

"అయ్యగార్ని పంపమని మీకు ఫోన్లో మెసేజీ కూడా పెట్టాను," అన్నాడతను. "మీరు జవాబిచ్చారు."

ఇచ్చింది. ఆ రోజు క్వయర్ పిల్లలకి సభల పాటలు నేర్పుతోంది. పాటకీ పాటకీ మధ్య ఫోను చూసి, "ప్రార్థిస్తున్నాం తమ్ముడూ" అని కొట్టి, చేతులు జోడించిన బొమ్మ ఒకటి తగిలించి పంపేసింది. ప్రార్థన చేయలేదు. చేయలేదన్న సంగతి కూడా ఈ నిమిషం వరకూ ఆమెకి తట్టలేదు. నిన్నటి నుంచి భర్త మీద రగిలిన కోపమంతా తిరిగొచ్చి తన గుండెల మీదే కూర్చుంది. అంత కోపం తన మీద తనకి ఎప్పుడూ రాలేదు.

ఇంటికొచ్చేసరికి అయ్యగారు సభలకి కుట్టించుకున్న చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు. ప్లంబరు చెప్పింది చెప్పినట్టు చెప్పింది. తాను పంపిన మెసేజీ గురించీ చెప్పింది, దాచుకోలేదు. ఆయన మంచం అంచున కూలబడ్డాడు. నాలో ఏమీ మిగల్లేదు అన్నాడు. జనం ముందు తప్ప ఒంటరిగా మోకరించి ఏళ్ళయిందట. మోకరించినా పైకప్పు తప్ప ఏమీ కనబడదట. ఈ సభలు పెట్టిందే అందుకట, పక్క ఊరి ప్రసంగీకుడు వచ్చి రగిలిస్తే తనకి కూడా ఓ నిప్పురవ్వ అంటుతుందేమోనని.

ఇంకో రోజైతే జాలిపడేదేమో. ఆ రోజు పడలేదు.

"ఏళ్ళయిందా? పక్కనే పడుకున్నదాన్ని, నాకెందుకు చెప్పలేదు? అరువు నిప్పు తెచ్చుకుంటారా? లేవండి. ముందు పోయి ఆ మనిషి చేత తిట్లు తినాలి. అవి మనవి. ఇద్దరం తిందాం."

ప్లంబరు మొహమాటపడలేదు, కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. చుట్టుపక్కల వాళ్ళు కిటికీలు తెరిచి చూశారు. అయ్యగారు తల వంచుకుని నిలబడ్డాడు, అలసట అని గానీ సభలని గానీ అనలేదు. చివరికి ప్లంబరు, మా ఆవిడ ముఖమైనా గుర్తుందా మీకు అని అడిగాడు.

"గుర్తుంది తమ్ముడూ," అన్నాడు అయ్యగారు. "కాని నిన్న పెట్టె ముందు నిలబడి ఆమెని తలుచుకోలేదు. దేవుణ్ణి కూడా తలుచుకోలేదు."

ఆ మాటకి ప్లంబరు కోపం తగ్గలేదు, తిట్లు మాత్రం ఆగాయి. ఇక్కడ ప్రార్థనలేమీ వద్దు, వెళ్ళండి అని తలుపేసుకున్నాడు.

మండుటెండలో ఇద్దరూ వీధి వెంట నడిచారు. చెప్పుల దుకాణం దాటాక అమ్మగారు ఉన్నట్టుండి పైకే మొదలుపెట్టింది. కళ్ళు మూసుకోలేదు, నడక ఆపలేదు. "ప్రభువా, మా ఇద్దర్నీ చూస్తే నీకు ఒళ్ళు మండటం లేదా? నాకు మండుతోంది. ఆవిడ అడిగింది, మేం పోలేదు. నువ్వైనా మమ్మల్ని చెవి పట్టుకుని ఎందుకు ఈడ్చుకుపోలేదు? ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నావు?" దారిన పోయేవాళ్ళు మొగుడూ పెళ్ళాల పోట్లాట అనుకుని తప్పుకున్నారు. పోట్లాటే, కాకపోతే మూడో మనిషితో. అయ్యగారు కరెంటు స్తంభం పట్టుకుని ఆగిపోయాడు. ఆయన నోటికి అలవాటైన మాటలు ఒక్కటీ రాలేదు. "నా మీద కోప్పడు ప్రభువా, వదిలేయకు," అన్నాడు. అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. గొంతు పెంచాల్సిన చోట పెంచలేదు, ఎక్కడ పడితే అక్కడ విరిగింది.

ఆ ఆదివారం ప్రసంగం లేదు. సమాధి దగ్గర జరిగిందీ, ఆవిడ బతికుండగా జరగనిదీ అయ్యగారు సంఘం ముందు ఒప్పుకుని, సభలు ఆపేస్తున్నామనీ, ఆ వారమంతా మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్తాననీ చెప్పాడు. సంఘపెద్ద మండిపడ్డాడు. మైకుసెట్టు మాట్లాడేశాం, పక్క ఊళ్ళో మన పరువేం కాను అన్నాడు. ఆ పరువు ప్లంబరు గుమ్మం ముందు ఎప్పుడో పోయింది, మీకు తెలియలేదంతే అని అమ్మగారు కూర్చున్న చోటు నుంచే జవాబిచ్చింది. సంఘపెద్ద కుటుంబంతో సహా లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. మిగిలినవాళ్ళలో కొందరు ఇళ్ళు తిరగడానికి తోడొచ్చారు.

ప్లంబరు కూడా గుడికి రాలేదు. అయ్యగారూ అమ్మగారే వారం వారం అతని ఇంటికి వెళ్ళేవారు. కొన్నిసార్లు తలుపు తీయలేదు, కొన్నిసార్లు తీసి పని ఉందన్నాడు. అయ్యగారు నొచ్చుకోలేదు. అమ్మగారికే మధ్యమధ్యలో ఉక్రోషం వచ్చేది, మళ్ళీ తనని తానే తిట్టుకుని వెళ్ళేది. తెల్లవారుజామున ఇద్దరూ మోకరించేటప్పుడు ఆ ఉక్రోషాన్ని కూడా దాచకుండా దేవుడి ముందు పెట్టేది. అయ్యగారికి అన్ని రోజులూ మాటలు దొరికేవి కావు. దొరకని రోజు ఊరికే కూర్చునేవాడు, లేచేవాడు మాత్రం కాదు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం ప్లంబరు తలుపు తీసి పక్కకి జరిగాడు. రెండు కుర్చీలు వేశాడు. అయ్యగారు బైబిలు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది తర్వాత. ముందు మా ఆవిడ గురించి అడగండి."

"చెప్పు తమ్ముడూ," అంటూ అమ్మగారు కుర్చీ దగ్గరికి లాక్కుంది.